మూడో దారి

విజయనగరం స్టూడియోలో గంటకి ఎనిమిది వందలు.
తెర మీద పచ్చగీతల్లో దాలయ్య జముకుని చూసి
"ఎక్కడికక్కడ తప్పింది, సరిచేస్తాను" అన్నాడు కుర్రాడు.
"తప్పనేదు బాబూ, ఆగినాను" అన్నాడు దాలయ్య.
కథలో రాణి ఏడ్చే చోట
తంతి కాసేపు ఆగుతుంది.
తెరకి అది అందలేదు.
డబ్బులిచ్చి వచ్చేశాం.

ఈ పెట్టెకి తెర లేదు.
విశాఖలో పాతసామాన్ల కొట్టు, పైన మిక్సీ జార్లు, కింద ఇది:
కేసెట్టు మీద నాలుగు దారులు,
దారికో మీట, ఊగే ముళ్లు రెండు, సాగిపోయిన బెల్టొకటి.
ఆరువేల నాలుగువందలు.
నలుగురం తలా పదహారు వందలు వేసుకున్నాం.
జముకు దాలయ్య, హార్మోనియం పారమ్మ,
సన్నాయి ఎర్రప్పడు, కీబోర్డుకి నేను.

మిల్లు గేటుకి తాళం పడిన ఏడాది అది.
నెల్లిమర్లలో ఎవరి చేతులు చూసినా ఖాళీ,
గోనెలకి మాత్రం కొదవ లేదు.
పారమ్మ ఇంటి వెనకగదికి గోడలనిండా మేకులతో కొట్టాం.
లోపల మాట్లాడితే మాట నోటిముందే రాలిపోయేది.
ఫ్యాను ఆపాలి. చెమట. జనపనార వాసన.
గూడ్సుబండి వెళ్లేదాకా ఊపిరి బిగబట్టి
చివరి పెట్టె దాటగానే
ఎర్రమీట.

కొత్త కేసెట్లు ఎక్కడా లేవు.
తీర్థంలో ఎప్పుడో కొన్న హరికథ ఒకటి తెచ్చాను.
చెవులు విరిచిన కన్నాల మీద
పారమ్మ తన బొట్టుబిళ్లలు రెండు అంటించింది.

ఒకటిలో జముకు, రెండులో హార్మోనియం.
రెంటినీ కలిపి నాలుగులోకి దించాను.
అలా దించుకుంటే ఒకటీ రెండూ మళ్లీ మనవే,
లేనోడింట్లో కడిగిన కంచంలోనే
ఇంకొకరికి వడ్డించినట్టు.
కలిసినవి మాత్రం ఇక విడవు.
నేసిన గోనెలో
ఏ పోగు ఏ చేనుదో ఎవడు చెప్పగలడు?

ఒకటిలో ఎర్రప్పడు, రెండులో నేను.
మూడు, దాలయ్య గొంతుకి అట్టేపెట్టాం.

మూడో రోజు వచ్చాడు. గడప లోపలికి రాలేదు.
"కేరళ బండెక్కుతున్నాను. నా పదహారు వందలు ఇచ్చీ."
నా జేబులో అరవై ఉన్నాయి.
లేవని చెప్పొచ్చు.
"పెట్టెలో నాలుగోవంతు కోసుకుపో" అన్నాను.
గోనెల్ని చూశాడు, పెట్టెని చూశాడు,
జముకు చంకలో పెట్టుకుని
"సర్లే" అన్నాడు.
గోనెల్లో పడిన మాట కదా,
వెంటనే ఆరిపోయింది.

ఆ రాత్రి ఆయన్ని పాటలోంచి తీసేద్దామని కూర్చున్నాను.
నాలుగో మీట కిందికి లాగితే
పారమ్మ కూడా పోతోంది.
పైకి తోస్తే పారమ్మతో పాటు ఆయనా వస్తున్నాడు,
ఆగాల్సిన చోట ఆగుతూ.

మూడో మీట ఎందుకెత్తానో తెలీదు.
ఏమీ నింపని దారి, చప్పుడుండదనుకున్నాను.
హరికథ రెండోవైపు
తిరగబడి నడుస్తోంది అందులో.
ఈ పెట్టెది రెట్టింపు పరుగు,
దాసుగారి గొంతు చంటిపిల్లాడి గోలలా సన్నగా.
మాట ఒక్కటీ తెలియలేదు,
వరస తెలిసింది, చిన్నప్పట్నుంచీ విన్నదే కదా.
ముందు మంగళహారతి. తర్వాత యుద్ధం.
రథాలు వెనక్కి,
బాణాలు అమ్ములపొదిలోకి,
రాయబారి తన ఊరికి,
అన్న మాట నోట్లోకి.

తెల్లారి ఎర్రప్పడి చేతిలో అరవై పెట్టాను,
దాలయ్య ఇంట్లో ఇచ్చి రమ్మని.
"ఇదేటి?" అన్నాడు.
ఇంకా పదిహేను వందల నలభై.