వన్, టూ

ఎడమ చెయ్యి ఏడు నెలల సంది
నా ఒళ్లెనే పడుకుంటది,
బస్సుల పక్క సీటోడు మర్చిపోయి దిగిన సంచి లెక్క.
అప్పుడప్పుడు కుడిచేత్తో ఎత్తి జరుపుత.
అది నన్ను ఏం అడగది.

వారాసిగూడల ఎల్లస్వామి సౌండ్ సర్వీస్ ఎక్కడంటే
గోలీలాడే పోరగాళ్లు సుత దారి చూపెట్టేటోళ్లు.
పెండ్లికి నాలుగు బాక్సులు, చావుకొకటి,
బోనాలకైతే డీసీఎం నిండ.
అర్ధరాత్రి పోలీసులొచ్చి వైరు పీకితె
స్పీకర్ కోన్ మీద అరచెయ్యి ఆనిచ్చి
ఇంక వణుకుతుందిరా, పాణమున్నది అనేటోణ్ణి.
గా అరచెయ్యే ఇది.

కోఠీ గుజరాతీ గల్లీల యాకూబ్ భాయ్ బిడ్డ, నుస్రత్,
శుక్రారం పొద్దుగూకే యాళ్లకు ఒక డబ్బ పట్టుకొచ్చింది.
పైన రెండు నాబ్‌లు, పక్కన రెండు తీగెలు.
లోపల, నేనే వాళ్ల నాయినకు తుక్కు కింద అమ్మిన
ఆంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్,
తలకిందులు చేసి కట్టింది.
"పాట ఇట్ల పోతది చాచా,
అట్ల కరెంటయి వస్తది.
స్పీకర్ జాగాల మీ చెయ్యి. అంతే."
అంతేనట!
నలభై ఏండ్లు స్పీకర్లు మోసినోణ్ణి,
ఇయ్యాల నేనే స్పీకర్నట.

ఫిజియో మేడం మొఖం చిట్లించింది.
గోడ కరెంటా, బ్యాటరీయా? రెండుసార్లు అడిగింది.
మీటరు పెట్టి చూసింది.
"రెండు పట్టీలు ఒక్క చేతికే, మోచేతి కిందికే.
గుండె దిక్కు పోనియ్యొద్దు" అని
తనే అంటిచ్చింది, సల్లగ, జిగురు జిగురుగ.
నుస్రత్ నాబ్ తిప్పింది
పసిపిల్ల చెవి కమ్మ మర తిప్పినంత నిమ్మళంగ.

మొదలు ఏం లేదు.
తర్వాత చీమలు.
డోలు పడ్డప్పుడల్ల లోపట ఎవరో
తాళం లేని తలుపును భుజంతోని నెట్టినట్టు.
సన్నాయికి మాత్రం సన్న మంట,
ఎండిన గోరింటాకు తోలును గుంజినట్టు.
పాట ఆగితె చీమలు సుత ఆగినయి.
చెవుల తోటి వినెటప్పుడు
నిశ్శబ్దానికి అంచు ఉంటదని నాకు తెల్వలె.

తీన్‌మార్ పెట్టింది. ఖవ్వాలీ పెట్టింది.
స్టేషన్ కలవని రేడియో గరగర సుత పెట్టింది.
చెయ్యి అన్నీ విన్నది,
బువ్వ తిందువు రమ్మంటె
ఊఁ అని లేవని చుట్టం లెక్క.

అప్పుడు మా ఈరమణి సజ్జ మీదికెళ్లి
పేరు రాయని క్యాసెట్ ఒకటి దించింది.
ఎవరిదో పెండ్లి. గిన్నెల సప్పుడు, పిల్ల ఏడుపు,
నడుమ, బీడీలు ఇంక కాల్చని నా గొంతు:
"హలో... మైక్ టెస్టింగ్...
వన్..."
బొటనవేలు మొదట్ల చిటుక్కుమన్నది.
"టూ..."
మణికట్టు దాక పాకింది.

త్రీ అనేముందు నేనెప్పుడు ఆగేటోణ్ణి.
ఎదురు గోడకు తగిలి నా మాట
నాకు మర్లి వచ్చేదాక.
గుంజలు నిలబెట్టినోనికి తెలుస్తది,
జాగా ఎంత పెద్దగున్నదో ఆ గడియలనే.
క్యాసెట్ల సుత ఆగిన.
మీటరు సూది సున్న మీద పడ్డది.
డబ్బల కరెంటు లేదు, పాట లేదు, చీమలు లేవు,
చిటికెనవేలు లేచింది.

గాలికి కావచ్చు అన్నది ఈరమణి, కండ్లు తుడుచుకుంట.
మిగిలిన కరెంటేమో అన్నది మేడం.
నుస్రత్ ఏం అనలె,
సూదినే చూస్తున్నది.

"త్రీ" అన్నడు క్యాసెట్లున్న ఎల్లస్వామి.
పందిరి ఆఖరునుంచి ఎవరో మొత్తుకున్నరు:
"ఏ, ఇనొస్తలేదన్నా! జర పెంచు!"

నేను నాబ్ దిక్కు చూసిన.
అది నాకు ఎడమ పక్కనున్నది.