ఒక అక్షరం తేడా

భీమవరం బస్టాండు వెనక సెల్ కవర్ల కొట్టులో
ఛార్జర్ల అడుగు నుంచి వేప్ తీసిచ్చాడు దొరబాబు.
డబ్బా మీద కంపెనీ పేరులో ఒక అక్షరం తేడా.
చూశాను.
చూసే, ఇంకో యాభై తగ్గించమన్నాను.

రొయ్యపిల్ల కొనేటప్పుడు
ల్యాబ్ కాగితం లేనిదే సంచి మూతి విప్పనివ్వను.
చెరువుకి పెట్టే నీళ్లలో ఉప్పెంతో తెలియాలి నాకు.
నేను పీల్చేదాన్ని గురించి మాత్రం
మామిడి వాసనేనా అని అడిగాను.

మొన్న రాత్రి ఏరియేటర్ల దగ్గర
జేబులో అది సెగలు కక్కింది.
విసరబోయాను. కింద చెరువు,
రెండెకరాల పిల్ల.
అరచెయ్యి కాలుతుంటే
పుంతరోడ్డు దాకా పరిగెత్తాను.

దొరబాబు వేళ్ల మీదా ఇలాంటి బొబ్బలే.
కొన్న రోజే కనపడ్డాయి.
యాభై రూపాయల బేరంలో ఉన్నాను మరి.