ఆరు టికెట్లు

గెన్నాది వాళ్ళు దిగాక తెలిసింది
మా ఊరు మేం ఎప్పుడూ చూడలేదని.
మల్కాపురంలో పుట్టి, ముప్పై నాలుగేళ్ళకి
కైలాసగిరి రోప్‌వే మొదటిసారి ఎక్కేను,
పక్కన లూద్మిలా, ఆవిడకి అతుక్కుని మనవరాలు దాషా.
అదేమిటని వేలు చూపిస్తే
డాల్ఫిన్స్ నోస్ అన్నాను.
ముక్కు నాకూ కనబడలేదు.

అమ్మ వంజరం వేపుడులో కారం తగ్గించింది,
తగ్గించేనని నాలుగుసార్లు చెప్పింది.
అయినా దాషా చెంబెడు మజ్జిగ తాగింది.

నాన్నా ఆయనా డాక్‌యార్డులో ఒకప్పుడు
రెండేళ్ళు ఒకే టార్చి వెలుగులో పనిచేశారట.
ఇప్పుడు ఇద్దరి మధ్యా మిగిలిన భాష
పదకొండు మాటలు.
అందులో మూడు బూతులు.

బీచి రోడ్డులో సబ్‌మెరైన్‌కి ఆరు టికెట్లు తీశాం.
గుండ్రటి ద్వారాల్లోంచి నడుం వంచి దూరుతూ
గైడు చెప్పినదానికల్లా తలలూపేం.
గెన్నాది వినలేదు.
రంగు వెలిసిన రేకు మీద అరిగిన అక్షరాలు
చూపుడువేలితో తడిమి తడిమి చదివి
దాషాచేత మళ్ళీ చదివించాడు.
నాన్న పక్కనున్న వాల్వు మీద చెయ్యేసి
ఎటు తిప్పాలో చూపించబోయాడు.
తిరగలేదు.
ఇద్దరూ దాన్నే పట్టుకుని నిలబడిపోయారు.
వెనక క్యూలో ఎవరో పిల్లాడు
"తాతా, కదలండి" అన్నాడు.

బయట ఉక్క. మురీ మిక్చరు పొట్లాలు.
ఆ ఇనుప గొట్టంలో ఇరవై నిమిషాలు
పరాయి దేశం చూసొచ్చింది మేమేనేమో,
నాన్నతో అందామనుకునేలోగా
అమ్మ వంగి లూద్మిలా చెప్పుల్లో ఇసక దులుపుతోంది,
వద్దు వద్దని ఆవిడ రష్యన్‌లో,
ఉండమ్మా ఉండని ఈవిడ తెలుగులో.