ఒక చెప్పు బాకీ

మా స్వర్ణముఖి పేరుకే ఏరు.
నేను కాపురానికొచ్చిన ఇరవై రెండేళ్ళలో
దాంట్లో నీళ్ళ కంటే ట్రాక్టర్లే ఎక్కువ పారినాయి.
పిల్లోళ్ళు మూడు కట్టెలు నాటి క్రికెట్ ఆడినారు.
ఒకాయన నడి ఏట్లో చింతపండు ఎండబోసినాడు.
కాజ్‌వేకు తూములు మూడు చాల్లే అన్నాడంట కాంట్రాక్టరు,
నీళ్ళు రాని ఏటికి అవే ఎక్కువని
మేమూ అన్నాము.

నాలుగు రోజులు వాన.
కొండ కనపడలా,
ఎవురో తడిగుడ్డ కప్పి పెట్టినట్టు.
అయిదోనాడు సందకాడ
పైన డ్యాం గేట్లెత్తినారని ఫోను.
"తలారీ, దావ కట్టెయ్."
దేంతో కట్టేది?
రిబ్బన్ లేదు, పోలీసు లేదు.
ఆవు పలుపు విప్పుకోనొచ్చి
కానుగ చెట్టుకీ మైలురాయికీ కట్టినా.
కరెంటు స్తంభం దగ్గరగానే ఉండాది,
దాని జోలికి పోలా.

ఏరు ముందు శబ్దంగా వచ్చింది,
దూరంగా వడ్లమిల్లు ఆడతా ఉన్నట్టు.
ఆమీట వాసనగా, కుళ్ళిన ఆకు, డీజిలు,
ఎవురి దొడ్లోదో పేడ.
ఆమీటనే నీళ్ళు,
ఎర్రగా,
ఒక ప్లాస్టిక్ కుర్చీని నెత్తిన పెట్టుకోని.

అప్పుడొచ్చినాడు దొరసామి, పాల ఆటోతో.
"రొంత జరుగు కుప్పమ్మా, మోకాటి లోతే గదా.
పదకొండు క్యాన్లు. విరిగిపోతే
డెయిరీవోళ్ళు ఇస్తారా, నువ్విస్తావా?"

ఏం చెప్పేది.
ఆయింట్లో తినేవోళ్ళు ఎంతమందో నాకు తెలుసు.
లోతు కాదయ్యా, ఈడ్పు చూడు, అన్నా.
ఇంటే గదా.
ఒక కాలు రోడ్డు మీదుండంగానే స్టార్టు చేసినాడు.

వంగినా.
ఆ కాలి చెప్పు లాగి
ఏట్లోకి ఇసిరేసినా.

రెప్ప కొట్టేలోపల అది రోడ్డు దాటింది,
తుమ్మల్ని దాటింది,
ఒక్క చుట్టు తిరిగి లోపలికి పోయింది.
మళ్ళా లేవలా.
దొరసామి కాలివేళ్ళు
ఒట్టి తారు మీద ముడుచుకున్నాయి.

ఆ రాత్రి ఇస్కూల్లో నలభై మూడు మంది.
బోరు నీళ్ళు తాగొద్దంటి.
మధ్యాన్నం బువ్వ పొయ్యి మీద
నాలుగు క్యాన్ల పాలు కాంచినాము.
మిగిలిన ఏడూ విరిగినాయి,
వాటికి ఎవురూ లెక్కియ్యలా.
బెంచీ కింద కట్లపాము.
కొట్టలా, అందర్నీ జరిపి తలుపు తీసినాము,
దానికీ తడి లేని జాగా కావాల్సొచ్చింది గదా.
ఒంటి చెప్పుతో గ్లాసులు అందిస్తా
దొరసామి నన్ను తిడతానే ఉండాడు.

పొద్దున నీళ్ళు తీసినాయి.
కాజ్‌వే నడిమధ్యలో
బస్సు పట్టేంత మేర రోడ్డు లేదు.
మోకాటి లోతని మేం చూసిన నీళ్ళ కింద
రాత్రంతా నేలే లేదు.
ఎవురమూ మాట్లాడలా.
ఒక కుక్క ఆ అంచు దాకా పోయి
మూతి వంచి చూసి, తిరిగొచ్చింది.

ఆర్నెల్లయింది. ఏరు మళ్ళా ఇసకే.
ట్రాక్టర్లు వస్తా ఉండాయి.
దొరసామి ఎదురుపడితే చాలు,
"కుప్పమ్మా, ఒక చెప్పు బాకీ."
జత కొనిస్తానంటే వద్దంటాడు.
ఎడమదే కావాలంట, ఒక్కటే.

పలుపు మాత్రం ఆవుకు కట్టలా.
తలుపు ఎనక మేకుకు తగిలించినా.
కొండ మీద మబ్బు దిగినప్పుడు
దాని ముడి విప్పి,
మళ్ళా ఏసి
గట్టిగా లాగి చూస్తా.