మెత్త గుల్ల

వేలితో నొక్కితే తెలిసిపోద్ది నాకు.
ఇరవై రెండేళ్ళు రొయ్య పట్టిన వేలు ఇది.
గట్టిది ఎదురు చెప్పుద్ది.
నిన్న రాత్రి గుల్ల వదిలిందైతే
తడి కాగితం మాదిరి లోపలికి పోద్ది.
మెత్తది అని పక్క ట్రేలో వేస్తాం,
దాని రేటు వేరే.

ఆ ట్రే ఎత్తుకోని పోతానే జారినా.
పెద్ద పడటమేం కాదు. ఐసు నీళ్ళు, రబ్బరు బూట్లు.
పిల్లకాయలైతే నవ్వుకుంటా లేస్తారు.
నేనూ నవ్వబోయినా.
మణికట్టు మాత్రం
ఎండుపుల్ల విరిగినట్టు ఒక మాట అనేసింది.

విడవలూరు నుంచి నెల్లూరు పొగతోట దాకా
ఆటోలో పెంచలరత్నం ఒకటే తిట్టడం,
కంపెనీని, నేలని, నా బూట్లని.
ఎముకని తిట్టాలని ఆమెకి తోచలా.
నాకూ తోచలా.

మిషన్ కింద పండబెట్టి ఒక అంకె చెప్పినారు.
మైనస్ మూడు.
మైనస్ అంటే కోత,
శనివారం కూలి చీటీలో చూస్తానే ఉండా.
ఎవురు కోశారమ్మా అని అడిగినా.

"నెలసరి ఎప్పుడు ఆగింది మస్తానమ్మా?"
ఆగలేదు తల్లీ, ఆపినారు.
ముప్పై నాలుగేళ్ళకి, తెల్లబట్ట అవతా ఉంటే
సంచి తీసేస్తే పీడా పోద్ది అన్నారు.
నెల తిరక్కముందే పనికి పోయినా.
"అండాశయాలు కూడా తీసేశారా?"
ఏమో.
కోడిని కోసినా కార్జం ఇదీ, కందనకాయ ఇదీ అని చూపిస్తారు.
నాలోంచి ఏం తీశారో
నాకెవురూ చూపించలా.

ఎముక రాయి కాదంట.
రోజూ కొంత కరుగుద్ది, రోజూ కొంత కట్టుకుంటదంట.
కరిగేదాన్ని అదిలించే రసం ఒకటి అండాశయంలో ఊరుద్దంట.
ఈస్ట్రోజనో ఏదో, నోరు తిరగలా.
అర్థం కాకపోలా.
మా ఆయన గుంట కాడ డబ్బా కొడతా కాపలా కాస్తాడు.
ఆయన జొరమొచ్చి పండుకున్న రోజు కొంగలు వాలతాయి.
అన్నీ ఒక్కసారే తినవు.
ఒకటి. ఇంకోటి. ఇంకోటి.
నీళ్ళు నిండుగానే కనపడతాయి పైకి,
పట్టుబడి రోజు వల లేపితేనే
బరువు తెలిసేది.

పదిహేనేళ్ళు.
ఐసు గదిలో నిలబడి నాకు చెమటలు కారితే
దర్గా కాడ తాయెత్తు కట్టించుకున్నానే గానీ
కొంగలని అనుకోలా.

రాగి సంగటి తినమన్నాది. పాలు తాగమన్నాది.
నెత్తళ్ళు ముల్లుతోనే నమలమన్నాది.
రోజూ కాసేపు ఎండలో కూర్చోమంటే
నవ్వొచ్చింది నాకు.
నెల్లూరోళ్ళకి ఎండ కరువా!
తెల్లారకముందే లోపలికి పోయి
దీపాలు పెట్టినాక బయటికొచ్చే మాకే కరువు.

అమాసకి రొయ్య గుల్ల వదులుద్ది.
ముందు రోజే ఓనరు మినరల్ మూటలు దింపిస్తాడు,
అప్పు తెచ్చైనా.
మా ఆయన అర్ధరాత్రి లేచి, తెప్పెక్కి
గుంటంతా చల్లుతాడు, గుల్ల గట్టిపడాలని.
మూట ఎంత అని అడిగినా ఈసారి.
నా నెల మాత్రల కంటే ఎక్కువే.

కట్టు చెయ్యేసుకోని బాకీ కూలి కోసం పోయినా.
గేటు పక్క గోడ కాడ, ఎండలో కూర్చున్నా.
అన్నాలకి బయటికొచ్చినారు అందరూ,
టోపీలు తీస్తే ఎవురెవురో తెలిసింది.
నీకెప్పుడు తీశారు మే, అని అడగతా పోయినా.
కోటేశ్వరికి ముప్పై ఎనిమిది.
పెంచలరత్నానికి ముప్పై రెండు.
శేషారత్నానికి ఏడాది గుర్తులేదు,
చిన్నోడు రెండో తరగతి అప్పుడంట.
కాగితాలు ఉండాయా?
ఉంటే పెట్టె అడుగున ఉండాల.
ఈ రాత్రికి తీయండి, చదివించుకోండి.

ఎవురూ మాట్లాడలా కాసేపు.
పెంచలరత్నం అన్నం గిన్నె కింద పెట్టి
ఎడం చేతి మణికట్టుని
కుడి బొటనవేలితో
నొక్కి చూసుకుంటా ఉండాది.