మూడు సెకన్లు

రుస్తావీలో జనవరి.
ఇనుము ముట్టుకుంటే వేలి తోలు దానికే అంటుకుపోయే తెల్లవారుజాము.
నుగ్జార్ బండి రాత్రంతా షెడ్డు బయటే ఉంది.
ఓతియా అలాగే వదలమన్నాడు:
"వేడి ఇంజన్ అబద్ధాలాడుతుంది.
చల్లారనీ, అప్పుడు అడుగుదాం."

తాళం తిప్పాను.
గుప్పిట్లో గవ్వలు గిలకరించినట్టు
గలగల గలగల గల—
అంతే.
ఆ తర్వాత ఎంత మర్యాదగా నడిచిందంటే
విన్నానా లేదా అని నాకే అనుమానం.

"ఎన్ని?" అన్నాడు ఓతియా.
ఆయన కుడిచెవిని ఉక్కు ఫ్యాక్టరీ పూర్తిగా తీసుకుంది,
ఎడమది సగం.
పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మూతకు ఆనించి
పిడిని పళ్ల మధ్య కరిచిపట్టి
దవడ ఎముకతో వింటాడు.
మూడు వేళ్లు చూపించాను.

"పోయిన నెల?"
నుగ్జార్ నేల చూపులు చూశాడు.
"ఒకటి. ఒకటిన్నర.
ఆగిపోతోంది కదా అని...
రేడియో కాస్త పెంచేవాణ్ణి."

లోపల బొటనవేలంత పిస్టన్ ఒకటుంది.
టెన్షనర్ అంటారు.
దానికున్నది ఒకటే పని, నెట్టడం.
గొలుసు వీపు మీద చెయ్యేసి
వదులు కాకుండా పట్టుకోవడం.
ఆ బలం దానిది కాదు, నూనెది.
పాతబడ్డాక రాత్రిళ్లు నూనె జారిపోతుంది,
పొద్దున్నే ఉత్త చేతుల్తో నిలబడుతుంది.
నూనె మళ్లీ పైకెక్కేదాకా
గొలుసు గోడకేసి తల బాదుకుంటుంది.
ఆ మూడు సెకన్లే మనకు వినపడేది.

"ఎర్రలైటు దగ్గర వణుకుతుందా?"
"చలికనుకున్నా."
"కనుమ ఎక్కేటప్పుడు?"
"మూడో గేరులో దమ్ము చాలదు. ఆరుగురు మనుషులు,
వాళ్ల స్కీ కర్రలు. బరువనుకున్నా."
"పసుపు దీపం వెలగలేదూ?"
దానికి జవాబు లేదు. నేనే వంగి చూశాను.
సరిగ్గా ఆ దీపం మీద
రూపాయి బిళ్లంత సెయింట్ జార్జి బొమ్మ అంటించి ఉంది.
పాపం ఆయన గుర్రమెక్కి
ఎదుటి పామునే పొడుస్తున్నాడు,
వెనక వెలిగేదాన్ని తిరిగి చూడలేక.

నూనె దించి ఫిల్టర్ కోశాం.
మడతల్లో సన్నటి మెరుపు,
పెళ్లిలో జుట్టుకంటుకున్న తళుకులా.
అడుగున బెల్లం రంగు ప్లాస్టిక్ ముక్క,
గొలుసు దారి తప్పకుండా కాసే పట్టీది.
ఓతియా దాన్ని నుగ్జార్ అరచేతిలో పెట్టాడు.

"గొలుసు ఒక్క పన్ను దాటితే వణుకు.
రెండు దాటితే ఆయాసం.
ఆపైన కవాటమూ పిస్టనూ
ఒకే చోట ఒకే క్షణంలో ఉండాలనుకుంటాయి."
"ఎక్కడ జరుగుతుందది?"
"నువ్వెక్కడుంటే అక్కడ."
నుగ్జార్ రోజూ దాటే మంచు సొరంగం గురించి
మా ముగ్గురిలో ఎవరం మాట్లాడలేదు.

రెండు రోజులు పట్టింది.
కొత్త గొలుసు, కొత్త పట్టీలు.
కొత్త టెన్షనర్ పిన్ను లాగినప్పుడు
టిక్ మని ముందుకొచ్చి గొలుసుకు ఆనుకుంది
నిద్రలో పక్క తడుముకునే పిల్లలా.
కూలి సగం డబ్బు, సగం జున్ను, మార్చిలో.
ఓతియా సరేనన్నాడు. ఆయన ఎప్పుడూ సరేనంటాడు,
అందుకే మా షెడ్డుకు తలుపు లేదు, టార్పాలిన్ ఉంది.

మూడో రాత్రి మళ్లీ బయటే వదిలాం.
తెల్లవారి అద్దం మీద మంచు గీరి
ఈసారి నుగ్జార్‌నే తిప్పమన్నాడు.

తిరిగింది.

ఓతియా పళ్ల మధ్య పిడి. కళ్లు నా మీద.
"ఎన్ని?"
లేని చప్పుడును చెవిటివాడికి ఎలా చెప్పాలి?
వేళ్లన్నీ ముడిచి పిడికిలి చూపించాను.
నమ్మలేదు. మళ్లీ అడిగాడు.
మళ్లీ పిడికిలే.

అద్దం వెనక నుగ్జార్
రేడియో మీటకేసి పోయిన తన చెయ్యి
గాల్లోనే ఎందుకు ఆగిపోయిందో తెలియక
దాన్నే చూస్తూ కూర్చున్నాడు.