చాకలిపద్దులో ముప్పై ఒకటి

నా పేరు పరాస్కా. ఇంగ్లీషు అంతంత మాత్రం,
అంకెలు మాత్రం బాగా వస్తాయి.
సస్కాచివాన్‌లో, యుద్ధం జరిగిన ఆ మూడేళ్లూ
విమానాల బడి కుర్రాళ్ల బట్టలు ఉతికాను.
చొక్కాకి ఏడు సెంట్లు, దుప్పటికి ఐదు,
సాక్సుల జతకి రెండు.
వాళ్ల పేర్లకి నా నోరు తిరగదు,
కాలరు లోపల చెరగని సిరాతో అంకె వేసేదాన్ని.
పద్దెనిమిది నార్వే వాడు, జేబుల నిండా పొగాకు పొడి.
ఇరవై ఆరు, రొట్టెల దుకాణంలో పిల్లకి ఉత్తరాలు రాసి
ఇవ్వకుండా నా మూటలోకి పంపేవాడు.
ముప్పై ఒకటి న్యూజీలాండు.
గొర్రెల మధ్య పెరిగినవాడు,
మా ఉన్నిని వేళ్లతో నలిపి పెదవి విరిచేవాడు.

నేర్చుకునే విమానాలకి పసుపురంగు వేస్తారు,
మంచులో పడినా కనబడాలని.
నాకీ సంగతి చెప్పింది వాడే,
మూట భుజానేసుకుని, నవ్వుతూ.

ఇక్కడ కొండ లేదు, గుట్ట లేదు.
ధాన్యం గిడ్డంగి తప్ప ఎత్తయినదేదీ లేదు.
ఢీకొట్టడానికి ఏముందిలే అనుకునేదాన్ని.
నేల చాలుతుందని తరవాత తెలిసింది.

మొదటి చలికాలం ఇద్దరు.
ఉగాదులూ పండగలూ చూసి రాదు అది.
ఏప్రిల్లో నేర్పేవాడూ నేర్చుకునేవాడూ ఒకే సీటు వెనక ఒకరు.
పద్దులో ఏం రాయాలి?
బాకీ అని రాయలేను, చెల్లు అని రాయలేను.
పక్కన చిన్న సిలువ గీసి
ఆ అంకె మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు.

జూన్‌లో ఒక బుధవారం.
ముప్పై ఒకటి చొక్కాకి మూడో బొత్తాం లేదు.
తెల్లదారం అయిపోయింది, నీలందే ఎక్కించాను.
బొత్తానికి డబ్బు తీసుకోను నేను.
పదింటికి దుప్పట్లు ఆరేస్తుంటే
ఒకటి ఎంత కిందుగా వచ్చిందంటే
తీగ తెగి నాలుగు దుప్పట్లు మట్టిపాలు.
పిడికిలి ఊపాను.
మా నాన్న మొండి ఎద్దుని తిట్టే తిట్టు తిట్టాను.
వాడెవడో రెక్క అటొకసారి ఇటొకసారి ఊపి వెళ్లాడు.

పదీ ఇరవైకి, హ్రినిషిన్ వాళ్ల బార్లీలో.
పెద్ద చప్పుడేం కాదు,
దూరంగా ఎవరో తలుపేసుకున్నట్టు.

సాయంత్రం ఆఫీసరు జాబితాతో వచ్చాడు.
చొక్కాలు రెండు, దిండు గలీబు ఒకటి, సాక్సు ఒకటే.
రెండోది ఎంత వెతికినా దొరకలేదు.
అతను జేబులో చెయ్యి పెట్టాడు,
వద్దన్నాను.

మంచు మొదలయ్యాక ఉత్తరం వచ్చింది,
కవరు మీద చాకలివారికి అని ఉంది.
పోస్టాఫీసు మిస్ ఓగిల్వీ చదివి చెప్పింది:
మా రోలీకి బొత్తాం కుట్టుకోవడం చేతకాదు,
మా ఇంట్లో నీలం దారం లేదు,
ఎవరు కుట్టారోగానీ గట్టిగా కుట్టారు.
వాణ్ని మీరు చూశారా? ఆ వారం ఎలా ఉన్నాడు?
రోలీ అట.
అప్పటిదాకా నాకు ముప్పై ఒకటే.

కలం పట్టుకుని కూర్చుంది మిస్ ఓగిల్వీ,
ఏం రాయమంటావు అని.
ఆ పొద్దున లేచినవి ఆరు విమానాలు.
నా తీగ తెంపింది ఏదో నేనెవర్నీ అడగలేదు.
అడగదలచుకోలేదు.
రాయించాను:
బాగున్నాడు. మా ఉన్ని మంచిది కాదన్నాడు.
దారం రెండు పేటలు వేశాను,
ముడి లోపలికి తిప్పాను, ఒంటికి గుచ్చుకోకుండా.
పిడికిలి సంగతి రాయించలేదు.

వసంతంలో పొయ్యి జరిపితే
వెనకాల దొరికింది రెండో సాక్సు.
మడమ చిరిగి ఉంటే అల్లి బాగుచేశాను.
జతకి రెండు సెంట్లయితే
ఒక్కదానికి ఎంతని రాయను?